పౌవావ్ డ్రమ్ పక్కన వయోలాలు: ఎండాకాలపు పార్కు కచేరీని ఎలా వినాలి

జూన్ మొదలైందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. “అక్కా, పార్కులో ఆర్కెస్ట్రా అట, ఇండిజినస్ సింగర్స్ కూడా ఉన్నారట, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? మనకేమైనా అర్థమవుతుందా?” తీసుకెళ్లొచ్చు. అర్థమూ అవుతుంది, కాకపోతే కాస్త తయారై వెళ్లాలి. నేను విన్నిపెగ్‌లో ఒక కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ లాంటిదే, కాస్త పెద్దది) వాయిస్తాను. చిన్నప్పుడు నేర్చుకున్నది కర్ణాటక వయొలిన్, కింద కూర్చుని. కెనడా వచ్చాక కుర్చీ ఎక్కి, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం నేర్చుకుని, వయోలాకు మారాను. వెస్ట్రన్ క్లాసికల్‌నీ ఇక్కడి మూలవాసుల సంగీతాన్నీ కలిపి చేసే కచేరీల్లో స్టేజీ మీదా కూర్చున్నాను, గడ్డిలో దుప్పటి మీదా కూర్చున్నాను. రెండు వైపుల నుంచీ తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

బయల్దేరే ముందు: ఇది ఎవరి పాట?

ప్రోగ్రామ్ ముందుగానే ఆన్‌లైన్‌లో పెడతారు. ఏం వాయిస్తున్నారో చూసి ఊరుకోకండి. ఎవరు రాశారు, ఏ జాతి వాళ్ల పాట, పాడటానికి ఎవరు ఒప్పుకున్నారు అన్నది వెతకండి. ఇంకేదీ చేయడానికి తీరిక లేకపోయినా ఈ ఒక్క పని చేయండి.

మనకు ఈ ప్రశ్న కొత్తగా ఉంటుంది. త్యాగరాజ కీర్తన నేర్చుకున్న ప్రతివాళ్లదీ. పాడటానికి ఎవరి దగ్గరా అనుమతి తీసుకోం. సంగతులు తప్పితే గురువుగారు కోప్పడతారు, అంతవరకే. ఇక్కడి మూలవాసీ జాతుల్లో చాలామందికి పాట ఆస్తి లాంటిది. ఒక కుటుంబానిదో, ఒక వంశానిదో, ఒక వేడుకదో అయి ఉంటుంది. ఫలానా సందర్భంలో ఫలానా వాళ్లే పాడాలన్న కట్టుబాటు ఉంటుంది. కూర్చుని వినడం తప్పు కాదు. అడగకుండా పట్టుకెళ్లి ఇంకోచోట పాడటం తప్పు.

ఇది ఎంత పెద్ద విషయమో ఒక ఉదాహరణతో చెబుతాను. 1927లో మారియస్ బార్బో అనే పరిశోధకుడు, ఎర్నెస్ట్ మెక్‌మిలన్ అనే సంగీతకారుడు కలిసి బ్రిటిష్ కొలంబియాలో నాస్ నది ప్రాంతానికి వెళ్లి నిస్గా జాతివాళ్ల పాటలు రికార్డు చేసుకొచ్చారు. మెక్‌మిలన్ వాటికి నొటేషన్ రాశాడు. వాటిలో ఒకటి చనిపోయినవాళ్ల కోసం పాడే పాట. నలభై ఏళ్ల తర్వాత, 1967లో, కెనడా శతాబ్ది సంబరాల కోసం హ్యారీ సోమర్స్ అనే స్వరకర్త ‘లూయి రియెల్’ ఆపెరా రాశాడు. రియెల్ మెతిస్ ప్రజల (మూలవాసులూ యూరోపియన్లూ కలిసి ఏర్పడిన జాతి) నాయకుడు, ఆయన సమాధి మా ఊళ్లోనే సెయింట్ బోనిఫేస్‌లో ఉంది. ఆ ఆపెరాలో సోమర్స్ ఆ నిస్గా వరుస తీసుకుని, దానికి క్రీ అనే మరో మూలవాసీ జాతి భాషలో మాటలు పెట్టి, రియెల్ భార్య బిడ్డను నిద్రపుచ్చే పాటగా వాడాడు. చావు పాట జోలపాట అయింది. ఒక జాతి పాట మరో జాతి మాటలతో మూడో జాతి కథలో కూర్చుంది. నిస్గా వాళ్లను అడిగినవాళ్లు లేరు. 2017లో ఆ ఆపెరాను మళ్లీ వేసినప్పుడు ఈ సంగతి బయట గట్టిగా చర్చకొచ్చింది. ఆ తర్వాత మెతిస్ స్వరకర్త ఇయాన్ కసన్ ఆ స్థానంలో పాడటానికి కొత్త పాట రాశారు.

అందుకే ప్రోగ్రామ్ చదివేటప్పుడు ఈ తేడా గమనించండి. ‘ఫస్ట్ నేషన్స్ మెలోడీ ఆధారంగా’ అని మాత్రం రాసి ఊరుకుంటే నాకు మనసు ఒప్పదు. ఫస్ట్ నేషన్స్ అంటే ఇన్యూట్, మెతిస్ కాని మూలవాసీ జాతులు. కెనడాలో అలాంటివి 600కు పైగా ఉన్నాయి. ‘ఒక భారతీయ పాట’ అని రాస్తే మనకెలా ఉంటుంది? అదే ‘ఫలానా నేషన్‌కు చెందిన ఫలానా కుటుంబం నేర్పిన పాట, వాళ్ల అనుమతితో’ అని ఉంటే ఆ కచేరీకి నిశ్చింతగా వెళ్లొచ్చు. రాసిందీ పాడుతున్నదీ మూలవాసీ కళాకారులే అయితే ఇంకా మంచిది. ప్రోగ్రామ్‌లో ఏమీ లేకపోతే నిర్వాహకులకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి. అలా అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు జంకుతారు గానీ, శ్రద్ధగా పనిచేసేవాళ్లు సంతోషంగా జవాబిస్తారు.

చెవిని కాస్త సిద్ధం చేసుకోండి

కలపడం అంటే ఒకే పద్ధతి కాదు. మీరు వెళ్లే కచేరీ ఏ రకమో ముందే తెలిస్తే ఎక్కడ చెవి పెట్టాలో తెలుస్తుంది.

ఒక రకం, పాత పాటను దాని వారసులే తిరిగి తెచ్చుకోవడం. జెరెమీ డచర్ పేరు గుర్తుపెట్టుకోండి. వొలాస్తొకీ జాతివారు, ఆపెరా గొంతు సాధన చేసినవారు. సుమారు వందేళ్ల కిందట మైనపు సిలిండర్ల మీద రికార్డు చేసి మ్యూజియంలో దాచిన తమ పెద్దల గొంతులను విని, వాటికి తన పియానో, తన గొంతు కలిపి 2018లో ఆల్బమ్ చేశారు. దానికి కెనడాలో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే పొలారిస్ ప్రైజ్ వచ్చింది. 2024లో మరో ఆల్బమ్‌కు రెండోసారి వచ్చింది. ఆ మొదటి ఆల్బమ్‌లో గరగరమనే పాత గొంతు కింద నుంచి పియానో ఎలా లేస్తుందో కార్లో వెళ్తూ అయినా ఒకసారి వినండి.

ఇంకో రకం, పౌవావ్ (మూలవాసులు పాట, డ్రమ్, నాట్యంతో జరుపుకునే సంబరం) గాయకులను ఆర్కెస్ట్రా వాద్యాలతో కూర్చోబెట్టడం. క్రీ మూలాలున్న చెల్లో కళాకారిణి క్రిస్ డెర్క్‌సెన్ 2015లో చేసిన ‘ఆర్కెస్ట్రల్ పౌవావ్’ దీనికి మంచి ప్రవేశం. మూడోది కోరస్. మా విన్నిపెగ్‌లో ఎదిగిన క్రీ స్వరకర్త ఆండ్రూ బాల్ఫోర్, పాత ఇంగ్లిష్ చర్చి సంగీతంలో క్రీ, ఒజిబ్వే భాషల మాటలు పెట్టి ‘నగమో’ అనే రచన చేశారు. ఏ చర్చిలు నడిపిన బడుల్లో ఆ భాషలను నోరెత్తనివ్వలేదో, ఆ చర్చి సంగీతంలోనే ఆ భాషలు వినిపిస్తుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల కంఠగానం. దాన్ని కతజ్జాక్ అంటారు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా దగ్గరగా నిలబడి, ఊపిరి లోపలికీ బయటికీ తీస్తూ, ఒకరి శబ్దం ఇంకొకరి ఖాళీలో ఇరికిస్తూ పాడతారు. ఇది ఒక ఆట కూడా. ముందు ఎవరు నవ్వితే, ఎవరి ఊపిరి తప్పితే వాళ్లు ఓడినట్టు. చివర్లో ఫక్కున నవ్వితే అది పాట చెడిపోవడం కాదు, పాట అయిపోవడం. మీరూ నవ్వొచ్చు. కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్‌కు చెందిన తాన్యా తగాక్ దీన్ని ఒంటరి గొంతుతో పాడుతూ, క్రోనోస్ క్వార్టెట్ లాంటి తీగ వాద్యాల బృందాలతోనూ కలిసి వేదికలెక్కారు. ఆవిడ పాట మొదటిసారి వింటే కొంచెం భయం వేస్తుంది. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

మెతిస్ ఫిడిల్ మాత్రం మనవాళ్లకు చిటికెలో ఎక్కుతుంది. కూర్చునే రెండు పాదాలతో దరువు వేస్తూ వాయిస్తారు. ఎనిమిది లెక్కతో సాఫీగా పోతుందనుకున్న వరుసలో ఎక్కడో ఒక దెబ్బ ఎక్కువో తక్కువో వస్తుంది. అలాంటి వరుసలను ఇక్కడ ‘క్రూకెడ్’ అంటారు. చేత్తో తాళం వేసుకునే అలవాటున్నవాళ్లు ఆ చోటు పట్టుకోండి, భలే సరదాగా ఉంటుంది. ఆర్కెస్ట్రా వాళ్లకు మాత్రం అక్కడే చెమటలు పడతాయి. మా నొటేషన్‌లో ఆ ఒక్క బార్ (తాళపు ఆవర్తం లాంటిది) మీద పెన్సిల్‌తో పెద్ద కళ్లద్దాల బొమ్మ గీసుకుంటాం. ‘చూసుకో’ అని గుర్తు.

ఏం తీసుకెళ్లాలి

దుప్పటి, పొట్టి కాళ్ల మడత కుర్చీ (ఎత్తు కుర్చీ అయితే వెనకవాళ్లకు అడ్డం), నీళ్లు, టోపీ, దోమల మందు. జూన్ చివర్లో విన్నిపెగ్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ పొద్దు కుంకదు. ఏడింటి కచేరీకి ఎండ సూటిగా మొహం మీద పడుతుంది, ముగిసేసరికి చలి వేస్తుంది. కాబట్టి స్వెటర్ తప్పనిసరి. చిప్స్ ప్యాకెట్లు ఇంటిదగ్గరే విప్పి డబ్బాల్లో పోసుకోండి. మెల్లటి చెల్లో సోలోలో ఆ కవర్ చప్పుడు స్టేజీ దాకా వినిపిస్తుంది.

ఎక్కడ కూర్చోవాలి

దీని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ఆరుబయట ఆర్కెస్ట్రాకు గోడలుండవు, పైకప్పుండదు. తిరిగొచ్చే ధ్వని లేదు. కాబట్టి మీరు వినేది ఎక్కువ భాగం మైకుల నుంచి స్పీకర్లలోకి వచ్చిందే. గడ్డి మధ్యలో ఒక చిన్న టెంటు కింద మిక్సింగ్ డెస్క్ ఉంటుంది. సౌండ్ ఇంజనీర్ తన చెవికి బాగున్నట్టు కలుపుతాడు, అందుకే ఆ టెంటుకు కాస్త ముందో పక్కనో కూర్చుంటే మీకూ బాగుంటుంది. స్పీకర్ల గుత్తికి ఎదురుగా మాత్రం వద్దు, ముఖ్యంగా పసిపిల్లలతో.

పగటి కచేరీ అయితే ముందుకు జరగండి. ఎండలో నేల దగ్గరి గాలి వేడిగా, పైగాలి చల్లగా ఉంటుంది. అప్పుడు ధ్వని పైకి వంగిపోతుంది, దూరంగా ఉన్నవాళ్లకు పలచబడుతుంది. పొద్దుగూకాక నేల చల్లబడితే ఇదే తిరగబడి ధ్వని కిందికి వంగుతుంది, వెనక వరసలకూ బాగా అందుతుంది. అందుకే ఒకే చోట కూర్చున్నా కచేరీ రెండో సగం మెరుగ్గా వినిపించినట్టుంటుంది.

దూరంగా కూర్చుంటే ఇంకో చిక్కు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల దూరంలో ఉంటే, డ్రమ్ మీద కర్ర పడటం కంటికి కనిపించాక దాదాపు 0.3 సెకను తర్వాత గానీ దెబ్బ చెవిన పడదు. కళ్లతో చూస్తూ తాళం వేస్తే తప్పిపోతారు. కళ్లు మూసుకుని వేయండి, లేదా డ్రమ్‌కు దగ్గరగా కూర్చోండి. పౌవావ్ డ్రమ్ బృందం ఉన్న కచేరీలో నేనైతే దగ్గరే ఎంచుకుంటాను. స్టేజీకి నడిమధ్యలో కాకుండా, డ్రమ్ ఉన్న వైపు పక్కగా. అక్కడినుంచి ఏడెనిమిది మంది కర్రలు ఒక్కసారిగా లేచి పడటం కనిపిస్తుంది. అడుగున గడ్డిలోంచి ఆ దెబ్బ కూర్చున్నవాళ్ల ఒంటికే తెలుస్తుంది.

మొదలయ్యేటప్పుడు

మొదట ఎవరో ఒక పెద్దవారో నిర్వాహకులో ఆ నేల ఏ జాతులదో చెబుతారు. విన్నిపెగ్‌లో అయితే ఒకటో ఒప్పందం (ట్రీటీ వన్, ఈ నేల మీద ఇక్కడి జాతులకూ ప్రభుత్వానికీ కుదిరినది) పేరు వింటారు. 1871లో జరిగింది అది. అనిషినాబె, క్రీ, డకోటా, మెతిస్ పేర్లు వస్తాయి. ఆ సమయంలో కుర్చీలు సర్దుకోవడం, ఫోన్ మాట్లాడటం వద్దు. మన కచేరీలో ప్రార్థన శ్లోకం వస్తుంటే ఎలా ఉంటామో అలాగే.

కొన్నిసార్లు సేజ్, స్వీట్‌గ్రాస్ లాంటి ఎండిన సువాసన మొక్కలు వెలిగించి ఆ పొగను తల మీదికీ గుండె మీదికీ తీసుకుంటారు. దాన్ని స్మడ్జింగ్ అంటారు. మీ దగ్గరికి తెచ్చినప్పుడు ఇష్టమైతే తీసుకోవచ్చు, వద్దనుకుంటే చిన్నగా తల ఊపితే చాలు. ఆస్తమా ఉంటే గాలికి పొగ మీ మీదికి రాని వైపు కూర్చోండి.

గౌరవ గీతం (ఎవరినైనా గౌరవిస్తూ పాడే ‘ఆనర్ సాంగ్’) మొదలైతే లేచి నిలబడాలి, టోపీ తీయాలి. ఎంసీ (వ్యాఖ్యాత) చెబుతారు, చెప్పినట్టు చేయండి. ప్రార్థన జరిగేటప్పుడూ గౌరవ గీతాలప్పుడూ ఫోటోలు, వీడియోలు వద్దు. నర్తకుల దుస్తుల్ని ముట్టుకోవద్దు. ఆ పూసల పని, ఆ ఈకలు ఒక్కొక్కటీ ఎవరో ఇచ్చినవి, ఎవరినో తలుచుకుని కుట్టినవి. ఫోటో కావాలంటే అడగండి, కాదంటే నవ్వి ఊరుకోండి. నాట్యంలో గద్ద ఈక కింద పడితే అంతా ఆగిపోతుంది. దాన్ని ఎత్తడానికి ఒక పద్ధతి, దానికి అర్హులైనవాళ్లు ఉంటారు. పిల్లలు పరుగెత్తుకెళ్లి తీసివ్వబోతారు, చెయ్యి పట్టుకోండి. ఆ కాసేపూ కెమెరా పూర్తిగా లోపల పెట్టేయండి.

ఇన్ని నియమాలా అని కొందరు విసుక్కుంటారు. దయచేసి ఒక్క విషయం ఆలోచించండి. 1885 నుంచి 1951 దాకా పశ్చిమ తీరపు మూలవాసులు కానుకలు పంచుతూ జరుపుకునే పొట్లాచ్ వేడుక ఈ దేశంలో నేరం. మైదాన ప్రాంతాల వేడుకల మీదా నిషేధాలు వచ్చాయి. ఇండియన్ యాక్ట్ అనే చట్టానికి 1914లో చేసిన సవరణ తర్వాత, పశ్చిమ రాష్ట్రాల్లో తమ రిజర్వ్ (తమకు కేటాయించిన నేల) దాటి నాట్యం చేయాలన్నా, సంప్రదాయ దుస్తుల్లో ప్రదర్శన ఇవ్వాలన్నా ప్రభుత్వ అధికారి అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. అంటే మీరు ఇవాళ దుప్పటి పరుచుకుని వినేదాన్ని పాడినందుకు జైలుకెళ్లినవాళ్ల మనవలు ఆ డ్రమ్ చుట్టూ కూర్చుని ఉండొచ్చు. ఆ పాట మిగిలిందంటే ఎవరో దాచారు కాబట్టి మిగిలింది.

వినేటప్పుడు

పౌవావ్ డ్రమ్ పెద్దది, చుట్టూ గాయకులు కూర్చుని అందరూ వాయిస్తూ అందరూ పాడతారు. ముందు ఒక గాయకుడు ఒక్కడే గొంతెత్తుతాడు. దాన్ని మిగతావాళ్లు అందుకుంటారు. అక్కడినుంచి వరుస సాధారణంగా పై నుంచి కిందికి మెట్లు దిగుతూ వస్తుంది. ఒక చుట్టు అయ్యాక మళ్లీ ఆ ఒక్క గొంతు. ఈ చుట్టును ‘పుష్‌అప్’ అంటారు, తరచుగా నాలుగు ఉంటాయి. మధ్యలో కొన్ని దెబ్బలు మిగతా వాటికన్నా గట్టిగా పడతాయి, అవి ‘ఆనర్ బీట్స్’. నర్తకులు అక్కడ వంగుతారు, లేదా చేతిలోని విసనకర్ర ఎత్తుతారు. మొదటి చుట్టులో ఇవి ఎక్కడ వచ్చాయో గమనిస్తే రెండో చుట్టుకు మీరే ఎదురుచూస్తారు.

చాలాచోట్ల మాటలు వినపడవు, ‘హే యా’ లాంటి అక్షరాలే ఉంటాయి. అర్థం కావడం లేదని బెంగపడకండి. ఆలాపన వినేటప్పుడు అర్థం అడగం కదా.

తాళం తెలిసినవాళ్లకు ఒక ప్రత్యేకమైన విందు ఉంది. ఉత్తరపు శైలి పాటల్లో గొంతు, డ్రమ్ సరిగ్గా ఒకే చోట పడవు. గొంతు దెబ్బకు కొంచెం ఇవతలగానో అవతలగానో తేలుతుంటుంది. మొదట్లో నాకు వెంటనే అతీత, అనాగత గ్రహాలు (కర్ణాటక సంగీతంలో పాటను తాళం ఎత్తుగడకు ముందో వెనకో మొదలుపెట్టడం) గుర్తొచ్చాయి. కానీ ఇది ఆ లెక్క కాదు. లెక్క పెట్టి ఫలానా అక్షరం దగ్గర ఎత్తుకోవడం కాదు, రెండు నడకలు పక్కపక్కన సాగడం. దాన్ని సరిచేయాలని చెవి తెగ తాపత్రయపడుతుంది. ఆ తాపత్రయం మానేసి డ్రమ్‌ను కాసేపు ఒంటికి వదిలేసి గొంతును మాత్రం చెవితో పట్టుకోండి. కాసేపటికి రెండూ ఒకేసారి వినిపించడం మొదలవుతుంది.

ఇప్పుడు ఆర్కెస్ట్రా వైపు చూడండి. కండక్టర్ ఎవరిని చూస్తున్నారు? ఇదే నేను కచేరీని తూచే తూకం. కండక్టర్ కర్ర ఊపుతుంటే దాని వెనకాల డ్రమ్ బృందం బిక్కుబిక్కుమంటూ నడిస్తే, అక్కడ మూలవాసీ సంగీతం అలంకారానికి పిలిచారని అర్థం. కండక్టర్ తల తిప్పి ప్రధాన గాయకుడి భుజాలు చూసి, ఆ ఊపిరి పట్టుకుని మాకు ఎంట్రీ ఇస్తుంటే, అక్కడ సంగీతం నిజంగా కలుస్తోంది. వయోలా వరసలోంచి ఆ క్షణం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మా నొటేషన్‌లో నాలుగు బార్లు రాసి ఉంటుంది, గాయకుడికి ఆ రోజు ఐదు కావాలనిపిస్తుంది. కండక్టర్ ఎడమ చెయ్యి అరచేయి మా వైపు తెరిచి ‘ఆగండి’ అన్నట్టు పట్టుకుంటారు. మేం ఒకే స్వరం మీద విల్లును సన్నగా లాగుతూ ఎదురుచూస్తాం. చిన్నప్పుడు గాత్రానికి పక్కవాద్యం వాయించినవాళ్లకు ఆ ఎదురుచూపు కొత్త కాదు. నొటేషన్ మీదే పెరిగిన మా తోటి వాద్యకారులకు మాత్రం అది చాలా కష్టపడి నేర్చుకున్న విద్య.

శ్రుతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే “రెండో సగంలో ఎక్కడో శ్రుతి కలవలేదు” అని నన్ను అడుగుతుంటారు. మీ చెవి కరెక్టే. ఫ్లూటు, క్లారినెట్ లాంటి ఊదే వాద్యాల శ్రుతి గాలి వేడిని బట్టి మారుతుంది, డిగ్రీకి దాదాపు 3 సెంట్ల చొప్పున. రెండు పక్క పక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు. సాయంత్రం పది డిగ్రీలు తగ్గితే అవి దాదాపు 30 సెంట్లు కిందికి జారాలి. వాయించేవాళ్ల ఊపిరి వేడి కొంత కాపాడుతుంది గానీ పూర్తిగా కాదు. అదే చల్లదనానికి మా తీగలు బిగుసుకుని పైకి పోతాయి. ఇక చర్మం బిగించిన హ్యాండ్ డ్రమ్ సాయంత్రపు తేమకు వదులై గొంతు మెత్తబడుతుంది. పల్లెల్లో డప్పును మంట దగ్గర కాచినట్టే ఇక్కడా దాన్ని వేడి చేసి బిగువు తెచ్చుకుంటారు. ఒకే గాలికి మూడు రకాల వాద్యాలు మూడు దారుల్లో పోతుంటే, ప్రతి రచనకూ మధ్య మేం మళ్లీ శ్రుతి చేసుకోవాల్సిందే. ఆ రెండు నిమిషాలు ‘టైమ్ వేస్ట్’ అనుకోకుండా వినండి. ఓబో ఇచ్చే ఒక్క స్వరానికి అందరం ఎలా చేరతామో అదీ వినదగ్గదే.

గాలి గట్టిగా వీస్తే మా స్టాండ్ల మీద బట్టల క్లిప్పులు కనిపిస్తాయి. ఎండ నేరుగా పడితే చాలామంది మంచి వాద్యం ఇంట్లో పెట్టి రెండో వాద్యం తెస్తారు. జిగురు వదిలేసి చెక్క అతుకులు విడిపోతాయన్న భయం. నేనూ అంతే.

పిల్లలతో

ముందు వరసలో కదలకుండా కూర్చోమని పిల్లల్ని హింసించొద్దు. ఆరుబయట కచేరీ ఉన్నదే అందుకు. ‘ఇంటర్‌ట్రైబల్’ అని ఎంసీ ప్రకటిస్తే అందరూ వచ్చి వలయంలో అడుగేయొచ్చని అర్థం. అప్పుడు పిల్లల్ని తీసుకుని వెళ్లండి. ముందున్నవాళ్ల దిశలోనే, మెల్లగా, అడుగు తర్వాత అడుగు. అడుగులు రాకపోయినా ఎవరూ ఏమనరు. పిలవకపోతే మాత్రం వలయంలోకి దిగకండి. పిల్లలు తలకు రంగు ఈకలు పెట్టుకుని వస్తామంటే వద్దని చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ఏడేళ్ల పిల్లకు ఇది చక్కగా అర్థమవుతుంది.

మన సంఘం తరఫున ఇలాంటిది చేద్దామనుకుంటే

ఈమధ్య ఇదీ అడుగుతున్నారు, నాకు చాలా ఆనందంగా ఉంది. వేసవి పిక్నిక్‌కో సంగీత సభకో మూలవాసీ కళాకారులను పిలిచి మన వయొలిన్, మృదంగంతో కలపాలని. చేయండి. కాకపోతే వరుస మారకూడదు. ముందు మనుషులు, తర్వాత పాట.

నెలల ముందే వెళ్లి కలవండి. ఫ్లయర్ అచ్చేసి తేదీ పెట్టాక “ఒక పాట పాడి వెళ్లండి” అనడం పిలవడం కాదు. పెద్దలను ఏదైనా అడిగేటప్పుడు పొగాకు సమర్పించే ఆచారం చాలా జాతుల్లో ఉంది. మీరు కలవబోయే వాళ్ల పద్ధతేమిటో వాళ్ల బృందంలోనే ఎవరినైనా ముందు అడిగి తెలుసుకోండి. ఏ పాట పాడాలో వాళ్లనే తేల్చనివ్వండి. మీకు ఆన్‌లైన్‌లో నచ్చిన పాట వాళ్లది కాకపోవచ్చు, అక్కడ పాడదగినది కాకపోవచ్చు. వీడియో తీయొచ్చా, తీసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా అన్నవి రెండు వేరు ప్రశ్నలు. రెండింటికీ జవాబు రాతలో తీసుకోండి.

డబ్బు గురించి సిగ్గుపడకుండా మొదటిరోజే మాట్లాడండి. నాకు తెలిసిన ఒక కార్యక్రమంలో ఆర్కెస్ట్రా సోలోయిస్టుకు ఫీజు ఇచ్చి, డ్రమ్ బృందానికి భోజనం కూపన్లు ఇచ్చారు. వాళ్లు పాడి, మర్యాదగా వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. డ్రమ్ బృందం అంటే ఒక్కరు కాదు, ఏడెనిమిది మంది. అందరికీ ప్రయాణం, అందరికీ ఫీజు. ప్రారంభ ప్రార్థన చేసే పెద్దవారికి విడిగా గౌరవ వేతనం, నీడలో కుర్చీ, తీసుకొచ్చి దించే మనిషి.

రిహార్సల్‌కు నొటేషన్ పట్టుకెళ్లకండి. మొదటి రోజు ఊరికే వినండి. మన వాద్యకారులు విని నేర్చుకోవడంలో దిట్టలు, అక్కడ మనకు ఆర్కెస్ట్రా వాళ్లకన్నా పని సులువు. మృదంగం మాత్రం కాస్త చేతులు కట్టుకోవాలి. పౌవావ్ డ్రమ్ వేస్తున్న సమమైన దెబ్బ మధ్య ఖాళీ కనిపించగానే దాన్ని నింపేయాలని మన వేళ్లకు దురద. ఆ ఖాళీ వాళ్ల పాటలో భాగం. రెండో మూడో చుట్టులో వాళ్లు తల ఊపి రమ్మన్నప్పుడు అందుకోండి.

సౌండ్ చెక్‌లో డ్రమ్‌కు ముందు మైకు పెట్టకండి. మైకు లేకుండా ఒక పాట వాయించమని, గడ్డి చివర దాకా నడిచి వెళ్లి వినండి. అది ఎంత దూరం వస్తుందో చూశాక, వయొలిన్ల మైకులు దానికి సరిపోయేలా పెంచుకోండి. స్మడ్జింగ్ ఉంటే పార్కు వాళ్లకు, ఫైర్ అనుమతి చూసేవాళ్లకు ముందే చెప్పండి. వేడుక మధ్యలో ఎవరో నీళ్ల బకెట్‌తో పరుగెత్తుకు రాకూడదు. డ్రమ్‌ను ఎండలోనో తడి గడ్డి మీదో దించనివ్వకండి, టెంటు కింద ఒక దుప్పటి పరిచి చోటు సిద్ధంగా ఉంచండి. డ్రమ్ మీద ప్లేట్లు, ఫోన్లు, కాఫీ కప్పులు పెట్టకుండా వాలంటీర్లకు చెప్పండి. ఎంసీకి బృందం పేరు, నేషన్ పేరు పలకడం వాళ్ల దగ్గరే నేర్పించి, తెలుగు లిపిలో కాగితం మీద రాసి చేతికివ్వండి.